యాడి తలమీది కొమ్ము

నన్ను ఆవిడ రెండుసార్లు కొట్టింది. మా అమ్మ ఒక్కసారి కూడా కొట్టలేదు. అయినా నిన్న పొద్దున తిల్దా నుంచి కాలిపుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఆడమనిషి ఒకర్తె "ఆ లంబాడీ ముసలిది పోయింది" అని చెప్పినప్పుడు, నా చేతిలోని దూది చేతిలోనే ఉండిపోయింది.

"ఎలా పోయింది?" అన్నాను.

"ఎవరితోనూ దెబ్బలాడకుండా పోయింది. మా ఊళ్ళో అందరికీ అదే వింత" అందామె.

ఆవిడ పేరు నాకు తెలియదు. కోర్టు కాగితాల్లో ఏదో పేరు రాశారు గాని, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడ ఒక్కసారీ పలకలేదు. నేను యాడీ అనేదాన్ని. వాళ్ళ భాషలో అమ్మ అని.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. పందొమ్మిదో ఏట మొగుడు పోతే, రాయపూర్ రైల్వేలో ఫిట్టరుగా ఉన్న అన్నయ్య నన్ను తీసుకొచ్చి తన క్వార్టర్లో పెట్టుకున్నాడు. ఆ లైన్లో సగం ఇళ్ళు మా వైపువాళ్ళవే. కుళాయి దగ్గర తెలుగు, బజారులో హిందీ. గూడ్సు షెడ్డు దగ్గరి డిస్పెన్సరీలో ఆయా కావాలంటే చేరాను. ఊడవడానికని చేరినదాన్ని, బెంగాలీ డాక్టరుగారి దయవల్ల పుండు కడగడం, పట్టీ కట్టడం నేర్చుకున్నాను. బయటివాళ్ళకి వైద్యం చెయ్యకూడదని రూలు ఉండేది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు ముందు రక్తమే చూశాను. మొహం కనిపించనంత రక్తం. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా దంతపు గాజులు, అద్దాల రవిక, ఎర్ర ముసుగు. ఆ ముసుగు అందరిలా తలకి అంటుకుని లేదు. నడినెత్తిన జానెడు ఎత్తు లేచి, గుడారంలా రెండు వైపులా దిగుతోంది. కాంపౌండరు ముసుగు తీయబోతే ఆయన మణికట్టు కొరికేసింది. ఆయన కెవ్వుమని అరిచాడు. డాక్టరుగారు నావైపు చూసి "నువ్వు చూడు" అన్నారు.

నేను ముసుగు ఎత్తాను. నడినెత్తిన ఒక కర్ర నిలబడి ఉంది. చండ్ర కర్రలా నల్లగా, గట్టిగా ఉంది. కింది కొస గరిటె అడుగులా వెడల్పుగా ఉండి మాడుమీద కూర్చుంది, పై కొస సన్నగా మొన తేలింది. నడుమ ఇత్తడి మేకులు. జుట్టంతా దాని మొదట్లోకి లాగి, ఉన్ని తాడుతో ఐదు చుట్లు చుట్టి బిగించారు. ఎవరో కొట్టిన లాఠీ దెబ్బ సరిగ్గా ఆ కర్రమీద పడి, పక్కకి జారి నెత్తి చీల్చింది. కర్ర లేకపోతే పుర్రె పగిలేదే.

"ఇది తీస్తేగాని కడగలేను" అన్నాను నాలో నేను, తెలుగులో.

"తీస్తే నీ పేగులు తీస్తాను" అంది ఆవిడ, అదీ తెలుగులో.

నేను అదిరిపడ్డాను. ఆవిడ నవ్వింది. పళ్ళమీద రక్తం.

"ఏ ఊరే గుంటా నీది? బొబ్బిలా? సాలూరు సంత నాకు తెలుసు. నానింతున్నప్పుడు మా అయ్య ఎద్దులమీద ఉప్పేసుకుని మీ కాడినుంచి ఘాటీ ఎక్కీవోడు. వందెద్దులు. రైలొచ్చి వందెద్దుల్నీ తినీసింది. నువ్వు దాని కూడే తింటన్నావు."

ఆ కర్రని ఆవిడ చూండా అంది. మొగుడున్న ఆడది పెట్టుకునేది. పెళ్ళినాడు పెడితే, ఆయన పోయిన నాడు తీయాలి. ఈ మధ్యలో నెత్తిని వదలకూడదు. పడుకున్నా పక్కకి తిరిగే పడుకోవాలి. తాండాలో కోడళ్ళు, మనవరాళ్ళు బరువని, నామోషీ అని మానేశారు. ఈవిడ ఒక్కతే మిగిలింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆవిడ కర్రని చేత్తో మాడుకి అదిమి పట్టుకుంది, నేను తాడు విప్పి, చుట్టూ జుట్టు కత్తిరించి, పుండు కడిగి, కుట్లు పడ్డాక మళ్ళీ ఐదు చుట్లూ చుట్టాను. ఒక చుట్టు వదులైతే మోచేత్తో డొక్కలో పొడిచింది.

"దెబ్బ నామీద పళ్ళేదే. మావోడిమీద పడింది" అంది కర్ర తడుముకుంటూ. "ఆడు బతికే ఉన్నాడు, ఇదీ నిలబడే ఉంది."

మావోడు అంటే బయట వేపచెట్టు కింద ఎద్దు తాడు పట్టుకుని కూర్చున్న ముసలాయన. పొట్టి మనిషి. ఆయన మాట నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ ఏ గడప దాటి బయటికొచ్చినా ముందు "ఉన్నావా?" అని కేక పెట్టేది. ఆయన దగ్గేవాడు. అంతే, అదే వాళ్ళ సంసారం.

తరవాత నాలుగైదేళ్ళు ఆవిడ వస్తూనే ఉంది. గడ్డిమోపులు, కట్టెలమోపులు అమ్మేది. నెలకోసారైనా ఏదో ఒక దెబ్బతో వచ్చేది, లేదా తను కొట్టినవాణ్ణి రెక్క పట్టుకుని తనే లాక్కొచ్చేది. "ఈడికి పట్టీ కట్టు. నానే పగలగొట్టాను" అనేది. ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంటే మాత్రం గుమ్మంలో కూలబడి ఏడ్చేది. కొట్టే ముందు అరిచేది కాదు. అరిచిందంటే ఇక కొట్టదని అర్థం. నోరు మూసుకుని, ముసుగు చెంగు రవికలోకి దోపుకుందంటే గూడ్సు షెడ్డు కూలీలు దారి వదిలేవారు. కూలీ లైన్లో ఎవడైనా పెళ్ళాన్ని కొడుతున్నట్టు తెలిస్తే మోపు దింపి మరీ వెళ్ళేది. ఒకడి బుగ్గ చేతికర్రతో చీల్చింది. మర్నాడు ఆ పెళ్ళామే వచ్చి ఈవిణ్ణి బండబూతులు తిట్టింది. "తిట్టనీ. నోరు లేచిందా లేదా" అంది ఆవిడ నాతో, ఎంతో తృప్తిగా.

మొదటి దెబ్బ నాకు ఆ రోజుల్లోనే తగిలింది. అన్నయ్య తాగినప్పుడు నన్ను బెల్టుతో కొట్టేవాడు. డ్యూటీకి పోయి మగవాళ్ళ ఒళ్ళు తడుముతున్నానని ఒకరోజు, జీతం తక్కువ తెచ్చానని ఒకరోజు. వదిన తలుపు దగ్గరికి వేసి పిల్లల్ని తీసుకుని కుళాయి దగ్గరికి పోయేది. ఒక పొద్దున నా వీపుమీది వాతలు యాడి కంటపడ్డాయి. ఎవరు అని అడిగింది. చెప్పాను, చెబుతూ ఏడ్చాను. చెంప పేలిపోయింది.

"ఆడు కొట్టినప్పుడు నీ సేతులేటి సేస్తన్నాయి?" అంది.

"అన్నయ్య కదా. కూడు పెడుతున్నాడు."

"నువ్వు తెస్తన్నది మట్టా?" అని మోపు నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

గూడ్సు షెడ్డు అవతల పట్టాల పక్కన గడ్డి బీడు ఉండేది. ముత్తాతల నాటినుంచి వీళ్ళ గుడారాలు, ఎద్దులు అక్కడే దిగేవి. యుద్ధం ముగిసిన ఏడాది ఆ బీడుని ఎవరో మిల్లు ఆసామి కొన్నాడన్నారు. ఖాళీ చెయ్యమని రెండుసార్లు మనుషులు వచ్చారు. మూడోసారి ముగ్గురు కాపలావాళ్ళు లాఠీలు, గొడ్డలి పట్టుకుని వచ్చారు. ఆ పూట తాండాలో మగవాళ్ళు కట్టెలకి పోయారు.

నేను చూడలేదు. షెడ్డు కూలీలు చూసి చెప్పారు. వచ్చీ రాగానే ఒకడు ఎద్దు వెనక కాలి నరం గొడ్డలితో తెగనరికాడు. ఎద్దు కూలబడి అరిచింది. ముసలాయన పరిగెత్తుకొచ్చి ఎద్దుమీద అడ్డంగా పడుకున్నాడు. ముగ్గురూ చుట్టూ నిలబడి కొట్టారు. బట్టలుతికినట్టు కొట్టారు అన్నాడు చెప్పినవాడు. యాడి గడ్డికొడవలి దూరంగా ఉంది. కొడవలి కోసం పోలేదు. ముసుగు లాగి పారేసి, నెత్తిమీది కర్రని జుట్టుతో సహా పీకి, దగ్గరున్నవాడి కంట్లో దించింది. మిగతా ఇద్దరూ పారిపోయారు. వాడు కర్ర కంట్లో ఉండగానే నాలుగడుగులు నడిచి పడిపోయాడట. ప్రాణం దక్కింది గాని కన్ను పోయింది.

ముసలాయన్ని మంచంమీద మోసుకొచ్చారు. మధ్యాహ్నం రెండు గంటలు. మొహం మొహంలా లేదు. నేను కడుగుతూనే ఉన్నాను, నీళ్ళు ఎర్రబడుతూనే ఉన్నాయి. డాక్టరుగారు ఒకసారి కనురెప్ప ఎత్తి చూసి, నెమ్మదిగా వెనక్కి జరిగారు. ఆవిణ్ణి అప్పటికే పోలీసు జవాన్లు పట్టుకున్నారు. చేతులకి తాడు కట్టి డిస్పెన్సరీ ముందునుంచి తీసుకుపోతూ ఉంటే ఆవిడ గుమ్మం దగ్గర ఆగి "ఉన్నావా?" అని కేక పెట్టింది.

లోపలినుంచి దగ్గు రాలేదు. మళ్ళీ కేక పెట్టింది. జవాను తాడు గుంజాడు.

పోలీసులు ఆ కర్రని ఆయుధమన్నారు. ఒకరి ప్రాణం తీయాలని ముందే చెక్కించి, తలలో దాచుకుని తిరుగుతోందన్నారు. అదే నిలిస్తే హత్యాప్రయత్నం కింద ఎన్నేళ్ళు లోపల ఉండాలో తెలియదు. ఆవిడ తరఫున ఒక మరాఠీ ప్లీడరు నిలబడ్డాడు. కుర్రవాడు, ఓపికమంతుడు. ఆ కర్ర ఏమిటో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. కోర్టులో కమ్మరిని అడిగితే చెప్పులు కుట్టే ఆర అన్నాడు. వడ్రంగి రాట్నం ముక్క అన్నాడు. తాండా అంటారా, పోలీసుల భయానికి ఆ సాయంత్రమే గుడారాలెత్తి ఎటో పోయింది. ఆవిడ ఒక్కతే చెప్పగలదు, ఆవిడ నోరు విప్పదు. ప్లీడరు వెతుక్కుంటూ డిస్పెన్సరీకి వచ్చి నన్ను లాకప్పుకి తీసుకెళ్ళాడు.

ఊచల వెనక ఆవిడ చిన్నదైపోయినట్టు కనిపించింది. ముసుగు బల్లపరుపుగా తలకి అంటుకుని ఉంది.

"యాడీ, అది నెత్తిన ఎలా పెట్టుకుంటారో కోర్టులో ఒక్కసారి చూపించు. చాలు, ఆయుధం కాదని తేలిపోతుంది."

"మొగుడు సచ్చినదాన్ని. ఎట్టా పెట్టుకుంటాను?"

"పోనీ, నోటితో చెప్పు."

ఆవిడ ఊచ పట్టుకుని గొంతు తగ్గించి "నాను దాన్ని పీకినప్పుడు మావోడు బతికే ఉన్నాడే" అంది. "ఎద్దుమీద పడుకుని నన్నే సూస్తన్నాడు. ఆడి పానం నా నెత్తిమీద ఉంది. నాను పీకీసినాను. ఆళ్ళు కాదు, నానే సంపీసినాను. ఉరి తియ్యమను."

ఇంకేం చెప్పినా వినలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

సాక్ష్యం చెప్పడానికి వెళ్ళాల్సిన రోజు పొద్దున అన్నయ్య తలుపు గడియ పెట్టాడు. మిల్లు ఆసామి మనిషి ఎవరో ముందురోజు అన్నయ్యతో మాట్లాడాడని వదిన చెప్పింది.

"కోర్టుకెక్కి లంబాడీదానికి సాచ్చికం సెప్తావా? మన పరువేటి కావాల?" అని బెల్టు తీశాడు. మొదటి దెబ్బ మొహంమీద పడింది. రెండో దెబ్బకి నా చేతిలో ఇత్తడి చెంబు ఉంది. దాన్ని ఎప్పుడు తీశానో గుర్తులేదు. వాడి నుదుటిమీద కొట్టాను. వాడు కూలబడి, నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశాడు. నాకు ఇంకోసారి కొట్టాలనిపించింది. కొట్టాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. గడియ తీసుకుని, వాచిన మొహంతో కచేరీ దాకా నడిచాను.

కోర్టులో ఆవిణ్ణి బోనులో నిలబెట్టారు. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ప్లీడరు అడిగినవన్నీ చెప్పాను. ఇది తలకి పెట్టుకునేది, మొగుడున్న ఆడవాళ్ళు పెట్టుకునేది, నేను నా చేతుల్తో తాడు కట్టాను అని, నాకొచ్చిన హిందీలో. పోలీసుల వకీలు లేచాడు.

"ఈ మొన తేలిన కర్ర ఆడదాని నెత్తిమీద నిలబడుతుందా? అది పెట్టుకుని వంగి గడ్డి కోస్తుందా?"

"కోస్తుంది."

"అయితే నిలబెట్టి చూపించు" అని బల్లమీది కర్ర నా ముందుకు తోశాడు. కొస ఇంకా నల్లగా ఉంది. నెత్తుటి మరక.

నేనూ మొగుడు పోయినదాన్నే. అయినా ముడి విప్పాను. జుట్టు నెత్తికి లాగి, కర్ర మాడుమీద నిలబెట్టి, నా రవిక జేబులోని పట్టీగుడ్డతో ఐదు చుట్లు చుట్టాను. పైనుంచి కొంగు కప్పుకున్నాను. మేజిస్ట్రేటుగారి బల్ల దాకా నడిచాను. వంగి నేలమీద పడ్డ కాగితం ఒకటి తీశాను. కర్ర కదల్లేదు. వెనక ఎవరో నవ్వారు.

ఆ నవ్వు మధ్యలో బోను విరిగినంత చప్పుడైంది. ఇద్దరు జవాన్లని తోసుకుని ఆవిడ నామీదికి వచ్చింది. అరవలేదు. ఎడమ చెవిమీద కొట్టింది. నేను బల్లమీద పడ్డాను.

"తియ్యే! ముండమోసినదానా! మొగుడు లేని నెత్తిన అదెట్టుకుంటావా? తియ్యి!"

జుట్టు ఊడేలా కర్ర పీకింది. పీకాక అది తన చేతిలోనే ఉందని చూసుకుంది. నిప్పు పట్టుకున్నట్టు విసిరేసింది. తరవాత నేలమీద కూలబడి, నుదురు రాతికేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆపడానికి నలుగురు పట్టారు.

"ఏమంటోంది?" అన్నారు మేజిస్ట్రేటుగారు.

నా మెడమీదికి చెవిలోంచి ఏదో వెచ్చగా కారుతోంది. ఆవిడ అన్న ప్రతి మాటా హిందీలో చెప్పాను, ముండమోసినదానా అన్న మాటతో సహా. ఆయన నన్ను, ఆవిణ్ణి, కర్రని మార్చి మార్చి చూశారు.

"చెప్పులు కుట్టే ఆర కోసం ఎవరూ ఇలా ఏడవరు" అన్నారు, ఎవరితోనూ కాదు, కాగితాలతో అన్నట్టు. ఆ కర్ర ఆడవాళ్ళు తలకి పెట్టుకునే వస్తువు అని రాయించారు.

ఆయుధం సంగతి అలా పోయింది. కన్ను పోగొట్టినందుకు కొన్ని నెలలు శిక్ష వేశారు. ముసలాయన చావు విషయంలో, ముగ్గురిలో ఎవరి దెబ్బతో ప్రాణం పోయిందో తేలలేదని చెప్పి కాపలావాళ్ళని వదిలేశారు. నేను అన్నయ్య ఇంటికి మళ్ళీ పోలేదు. డాక్టరుగారు డిస్పెన్సరీ వెనక సామాన్ల గది ఖాళీ చేయించి ఇచ్చారు. ఇప్పటికీ అందులోనే ఉంటున్నాను.

జైలునుంచి వదిలిన రోజు ఆవిడ నా దగ్గరికి వచ్చింది. తాండా తిల్దా వైపు దిగిందని కబురు తెలిసి, అక్కడికి పోతానంది. స్టేషన్‌కి తీసుకెళ్ళి, బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారంమీద పక్కపక్కన కూర్చున్నాం. తనేదో అంటోంది, నాకు అందడం లేదు.

"ఏటే, పలకవు?"

"ఆ చెవి వినిపించదు యాడీ. ఆ రోజు నుంచీ."

క్షమించమనే మాట ఆవిడకి ఏ భాషలోనూ రాదనుకుంటాను. చేతికర్ర ఆనించి లేచి, నా చుట్టూ తిరిగి, కుడిపక్కకి వచ్చి కూర్చుంది. మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. జైల్లో రోజూ అదే కల వస్తోందట. ఆయన ఎద్దుమీద పడుకుని తనని చూస్తూ ఉంటాడట, తను కర్ర పీకుతుందట, ఆయన కళ్ళు మూస్తాడట.

"నువ్వు పీకకముందే ఆయన పని అయిపోయింది" అన్నాను. "మొదటి దెబ్బకే పుర్రె పగిలింది. తరవాత చూసినా, ఆ చూపులో మనిషి లేడు."

"నీకెలా తెలుసు?"

"నేనే కదా కడిగాను. ఏ దెబ్బ ముందుదో గాయం చూస్తే తెలుస్తుంది."

తెలియదు. ఆ మొహంమీద ఏ దెబ్బ ఏదో దేవుడు కూడా చెప్పలేడు.

ఆవిడ కళ్ళు చిట్లించి నన్ను పరీక్షగా చూసింది. "మరి ఆ మాట కోర్టులో ఏల సెప్పలేదే?"

"నన్నెవరూ అడగలేదు యాడీ" అన్నాను. అది మాత్రం నిజం.

బండి వచ్చింది. ఆవిడ మూట ఎక్కించాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది. బండి కదిలాక తల బయటికి పెట్టింది. గాలికి ముసుగు భుజాలమీదికి జారిపోయింది. తెల్లటి పల్చటి జుట్టు, నడినెత్తిన యాభై ఏళ్ళ ఒరిపిడికి వెంట్రుక మొలవని రూపాయంత చోటు. ఆవిడ ముసుగు సర్దుకోలేదు. అలాగే, కొమ్ము లేని బోడి తలతో, బండి మలుపు తిరిగేదాకా నన్ను చూస్తూ ఉంది.